అరికాలికి అందే దరువు

వికారాబాద్ జిల్లాలో ఇల్లు కట్టుకునేవాళ్లు గచ్చు గురించి ఎక్కువగా ఆలోచించరు. తాండూరు నుంచి లారీలో బండలు దిగుతాయి. నీలం బండ కావాలా, పసుపు బండ కావాలా అన్నదొక్కటే ప్రశ్న. భీమా నది పరీవాహకంలో కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి ఇది. పొర దగ్గర ఉలి ఆనించి కొడితే పలకలా విడిపోతుంది. ఇదే రాతి పట్టీ సరిహద్దు దాటి కర్ణాటకలోని షాబాద్ దాకా సాగుతుంది. అందుకే హైదరాబాద్‌లో చాలామంది దీన్ని షాబాద్ బండ అనే అంటారు. తాండూరు వాళ్లకు ఆ పిలుపు అంతగా నచ్చదు, అందులో న్యాయం ఉంది.

బండ పరిచాక మేస్త్రీ ఒక పరీక్ష చేస్తాడు. తాపీ పిడితో ఒక్కో బండనూ నాలుగు మూలలా, నడుమా తట్టుకుంటూ పోతాడు. చప్పుడు గట్టిగా, పొట్టిగా వస్తే సరే. డొల్లగా మోగిందంటే కింద మాలు అందలేదని అర్థం. అప్పుడు బండ లేపుతాడు, మాలు నింపుతాడు, మళ్లీ కూర్చోబెడతాడు. మేస్త్రీ లెక్కలో మంచి గచ్చు అంటే మోగని గచ్చు. బడిలో, ఫంక్షన్ హాల్లో, గుడి మండపంలో మనం కోరేది కూడా అదే. ఒక్కరికి మాత్రం ఆ గచ్చు పనికిరాదు. ఆ గచ్చు మీద ఆడటం నేర్చుకుంటున్న చెవిటి పిల్లకు.

చెవి వినపడని మనిషికి సంగీతం లేదనుకోవడం మనకు అలవాటు. నిజానికి శబ్దం అంటే కదలిక. ఆ కదలికను పట్టే సాధనం చెవి ఒక్కటే కాదు. మనిషి చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకు వింటుంది. చర్మం అంత పైకి వెళ్లలేదు, సుమారు వెయ్యి దగ్గరే ఆగిపోతుంది. కానీ ఆ కింది భాగంలో దానికి మంచి పట్టు ఉంది. అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం లోపల పాసినియన్ కణికలని ఉంటాయి. సెకనుకు 250 కంపనాల దగ్గర అవి అతి సూక్ష్మమైన వణుకును కూడా పసిగడతాయి. 2001లో అమెరికాలో డీన్ షిబాటా అనే వైద్యుడు చెవిటివాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూశాడు. వాళ్ల చేతికి కంపనం అందించినప్పుడు, మామూలుగా శబ్దాన్ని అందుకునే మెదడు భాగమే వాళ్లలో మేలుకుంది. చెవి వాడుకోని చోటును స్పర్శ వాడుకుంటోందన్నమాట.

మరి బండ గచ్చు ఆ కంపనాన్ని కాలికి ఎందుకు అందించదు? బరువు చూడండి. అంగుళం మందం, అడుగు చదరం ఉన్న తాండూరు బండ ఆరు కిలోల పైమాటే. నాలుగు అడుగులకు నాలుగు అడుగుల చోటును బండలతో కప్పితే వంద కిలోలు అవుతుంది. ఆ పైన అది మాలుతో నేలకు అతుక్కుని ఉంటుంది. దాన్ని కదిలించాలంటే కింద భూమినే కదిలించాలి. అదే కొలతకు ముప్పాతిక అంగుళం ప్లైవుడ్ పలక పదహారు, పదిహేడు కిలోలు తూగుతుంది. దాన్ని నేల మీంచి నాలుగు అంగుళాలు ఎత్తి నిలబెడితే చాలు, పక్కన కొట్టిన ప్రతి దెబ్బకూ అదురుతుంది. మేస్త్రీ తప్పని తీసిపారేసే ఆ డొల్లతనమే ఇక్కడ కావాల్సింది.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. ఊళ్లో నాటకం వేస్తే బడి బల్లలు నాలుగు వరసలు కలిపి, తాళ్లతో బిగించి, పైన జంపఖానా పరిచి వేదిక కట్టేవాళ్లు. మద్దెల వాయించే మనిషి కూడా ఆ బల్లల మీదే కూర్చునేవాడు. ఆయన దెబ్బ వేషగాడి కాలి కిందికి వచ్చేది. పెట్రోమాక్సు మోతలో పాట సగం వినపడకపోయినా అడుగు తప్పేది కాదు. మాడ్యులర్ డాన్స్ ఫ్లోర్ అని ఇవాళ అమ్ముతున్నదాని ఎముకల గూడు ఇదే. ఎక్కడికక్కడ విప్పి, మోసుకెళ్లి, మళ్లీ బిగించుకునే పలకలు.

నేల సంగతి కాసేపు పక్కన పెడదాం. ఒంటికి వినపడే శబ్దం అంటే ఈ ప్రాంతంలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది డప్పు. తాండూరు, కొడంగల్, పరిగి, వికారాబాద్ పల్లెల్లో బోనం ఎత్తినా, పీర్లు లేచినా, పెండ్లి పిల్లగాడు కదిలినా, చావు లేచినా ముందు నడిచేది అదే. సరిహద్దు దాటి సేడం, చించోళి వైపు వెళ్తే దాన్ని హలగె అంటారు. పేరు మారుతుంది, గుండెలో గుద్దు మారదు.

డప్పు చూడటానికి ఎంత సాదాగా ఉంటుందో పనిలో అంత సూక్ష్మం. వలయంగా మలిచిన కట్టె చట్రం, దాని మీద నానబెట్టి లాగి బిగించిన తోలు, అంతే. వెనక మూత లేదు. మద్దెలకూ డోలుకూ లోపల గాలి గది ఉంటుంది, డప్పుకు లేదు. తోలు ముందుకు ఎంత గాలి నెడుతుందో వెనక్కూ అంతే నెడుతుంది. ఆ వెనక ఉన్నది కొట్టేవాడి ఒళ్లే. డప్పు ఎడమ భుజానికి వేలాడుతూ పొట్టకూ ఛాతీకీ ఆనుకుని ఉంటుంది. వినేవాళ్లకు గాలి ద్వారా చేరేది, కొట్టేవాడికి కట్టె ద్వారా నేరుగా ఎముకకు చేరుతుంది.

ముందు కాచాలి. వానాకాలం గాలిలో తేమకు తోలు సడలిపోతుంది. కొడితే తడి గుడ్డ మీద కొట్టినట్టు బద్దకంగా పలుకుతుంది. గడ్డి మంట వేసి, డప్పును దానికి ఎదురుగా పట్టి తిప్పుతారు. ఆరిన కొద్దీ తోలు ముడుచుకుంటుంది, బిగువు పెరుగుతుంది, దానితోపాటు శ్రుతీ లేస్తుంది. భౌతికశాస్త్రం లెక్కలో బిగువు నాలుగు రెట్లయితే శ్రుతి రెండింతలవుతుంది. ఈ లెక్క తెలియకుండానే డప్పు కళాకారుడు వేలితో తట్టి, ఇంకా కాగాలో చాలో చెప్పేస్తాడు. ఎక్కువ కాగితే తోలు పగులుతుంది. ఆటలో గంట గడిచేసరికి మళ్లీ సడలుతుంది, మళ్లీ మంట దగ్గరికి రావాలి. మొహర్రంలో అలావా గుండం చుట్టూ ఆడేటప్పుడు ఆ తిప్పలుండవు, మంట నడుమనే ఉంటుంది.

కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. సిర్ర పొట్టిగా, లావుగా ఉంటుంది. తోలు నడుమ పడి లోతైన దెబ్బ ఇస్తుంది. చిటికెన పుల్ల సన్నగా, పొడవుగా ఉంటుంది. అంచు దగ్గర పడి పదునైన చిటపట ఇస్తుంది. దరువంతా ఈ రెండింటి సంభాషణే. పెండ్లి దెబ్బ ఒకటి, చావు దెబ్బ ఒకటి, చాటింపు దెబ్బ మరొకటి. తలుపు వేసుకుని ఇంట్లో కూర్చున్న ముసలమ్మ కూడా బయట ఏం జరుగుతోందో దెబ్బను బట్టి చెప్పగలదు. డప్పుల జట్టు వలయం కట్టి, ఒంగి, లేచి, ఎగిరి, అడుగు మార్చి ఆడుతుంది. వాయించేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు కాదు. డప్పు ఆటలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అదే.

దీన్నంతా కళగా మాత్రమే చెప్పి వదిలేస్తే సగం అబద్ధమవుతుంది. డప్పు మాదిగల చేతిలో పుట్టి, వాళ్ల మెడకు వెట్టిగా చుట్టుకున్న వాద్యం. ఊరి పండుగకు కొట్టి తీరాలి, కొట్టాక గుడి బయటే ఆగాలి. కొట్టనని అన్నవాళ్లు దెబ్బలు తిన్న ఊళ్లున్నాయి. 1994లో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో లేచిన దండోరా ఉద్యమం ఆ డప్పునే తలెత్తుకునే గుర్తుగా మార్చింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలన్నీ దాని మీదే నిలిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు సామాజిక పింఛన్లలో ప్రత్యేక విభాగమే ఉంది. కాబట్టి డప్పును బడికి పిలిచేవాళ్లు ముందు గుర్తుంచుకోవాల్సింది ఇది. పిలుస్తున్నది గురువును, చాకిరీకి మనిషిని కాదు.

ఇప్పుడు చెవిటి పిల్లల దగ్గరికి వద్దాం. స్కాట్లాండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెనీ చిన్నతనంలోనే వినికిడి చాలావరకు కోల్పోయింది. అయినా తాళవాద్యాల్లో ప్రపంచ ప్రసిద్ధురాలైంది. వేదిక కంపనం పాదాలకు అందాలని ఆమె తరచూ చెప్పులు విడిచి వాయిస్తుంది. అమెరికాలో బధిరుల కోసమే ఉన్న గాలుడెట్ విశ్వవిద్యాలయంలో 1955 నుంచీ నృత్య బృందం ఉంది. మన దేశంలో ఆస్తాద్ దేబూ కోల్‌కతా, చెన్నై నగరాల్లో బధిర కళాకారులతో ఏళ్ల తరబడి పనిచేశాడు. నేలకే యంత్రం బిగించే ఆలోచన వినోద వ్యాపారంలోనూ ఉంది. లండన్‌లో 1999లో తెరిచిన ఫాబ్రిక్ అనే క్లబ్‌లో ఒక గది నేల కింద సుమారు 400 బాస్ ట్రాన్స్‌డ్యూసర్లు అమర్చారు. నెదర్లాండ్స్‌లో 2003లో మొదలైన సెన్సిటీ అనే వేడుకలో చెవిటివాళ్లు, వినేవాళ్లు కలిసి ఆడేందుకు కంపించే నేలను వాడారు.

ట్రాన్స్‌డ్యూసర్ అంటే కాగితం గరాటు లేని స్పీకర్. అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. గాలిని కాకుండా, తనను బిగించిన పలకను అది కదిలిస్తుంది. పలకల కింద దీన్ని మరలతో బిగిస్తారు. పాటలోని కింది స్థాయి ధ్వనులను మాత్రమే వడగట్టి దీనికి పంపుతారు. పలక కాళ్లకు రబ్బరు దిండ్లు వేస్తారు. లేకుంటే కంపనమంతా కింది బండలోకి ఇంకిపోతుంది. పలకకూ పలకకూ మధ్య కీలు మరీ బిగుసుకుంటే అన్నీ కలిసి ఒకే ముద్దగా అదురుతాయి, మరీ వదులైతే గలగలమంటాయి. పనితనమంతా అక్కడే ఉంది.

ఈ నేల అన్నిటినీ అందించలేదు. సన్నాయి రాగం, గాయని గమకం చర్మానికి సరిగా అందవు. వాటిలోని పై ధ్వనులు చర్మం పట్టే హద్దు దాటిపోతాయి, హద్దు లోపల ఉన్నవాటిలో కూడా స్వరానికీ స్వరానికీ సన్నని తేడా పాదం చెప్పలేదు. పాదం పట్టేది లయను. సినిమా పాట పెట్టి పిల్లలను పలకల మీద నిలబెడితే ఒకే రకం గుద్దు తప్ప వాళ్లకు చేరేది కొంచెమే. డప్పు దగ్గర పరిస్థితి వేరు. సిర్ర దెబ్బ పలకలోకి దిగి అరికాలికి వస్తుంది. నేల వదిలేసిన చిటికెన పుల్ల కంటికి దొరుకుతుంది, ఎడమచేతి మణికట్టు ఆడటం ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది కదా. కాలికి సగం, కంటికి సగం కలిపి దరువు మొత్తం చేతికొస్తుంది. ఇక డప్పే ఆ పిల్ల భుజానికి తగిలిస్తే యంత్రం అవసరమే సగం తీరిపోతుంది. ఖరీదైన దిగుమతి సరుకు కన్నా కాచిన డప్పు, ఎత్తిన చెక్క పలక మన పిల్లలకు ఎక్కువ నేర్పుతాయన్నది నా అభిప్రాయం.

డీజే బాక్సులు పెడితే గుండెలు అదరవా అని ఎవరైనా అడగొచ్చు. అదురుతాయి, చెవులు కూడా పోతాయి. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ దాటితే వినికిడికి ముప్పని చెబుతారు. డీజే బండి పక్కన ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలను నిషేధించింది ఊరికే కాదు. నేల ద్వారా కంపనం పంపితే గాలిలో అంత మోత పెట్టనక్కర్లేదు. చెవిటి పిల్లల్లో చాలామందికి కొద్దో గొప్పో వినికిడి మిగిలే ఉంటుంది. దాన్ని కాపాడుకుంటూనే ఆడవచ్చు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షలకు పైనే. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ వాళ్ల సాంస్కృతిక జీవితాన్ని హక్కుగా చెబుతుంది. అందులో నాట్య తరగతుల ప్రస్తావన ఉంది, వినోదంలో పాల్గొనేందుకు తగిన పరికరాలు తయారు చేయించాలన్న మాటా ఉంది. హైదరాబాద్‌లో మలక్‌పేట బధిరుల పాఠశాల ఉంది, సికింద్రాబాద్‌లో వినికిడి లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఏ పిల్లకు వినికిడి ఎంత మిగిలిందో తేల్చిచెప్పగల నిపుణులు ఆ కేంద్రంలో దొరుకుతారు. ప్లైవుడ్ కోసి చట్రం బిగించే వడ్రంగులకు తాండూరులో కొరత లేదు. డప్పు జట్లు ప్రతి మండలంలోనూ ఉన్నాయి.

జిల్లా విద్యాశాఖకు, సాంస్కృతిక శాఖకు ఒక మనవి. ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రం ఉన్న ప్రతిచోటా ఒక గదిలో బండల మీద పది అడుగుల చదరం చెక్క నేల ఎత్తి వేయించండి. వారానికి ఒక పూట డప్పు కళాకారుడిని గౌరవవేతనం ఇచ్చి పిలిపించండి. పిల్లల చెప్పులు బయటే విడిపించండి. యంత్రాలు తర్వాత కొనుక్కోవచ్చు.