ఆశకు లెక్క కావాలి

నీట్ ఫలితం వచ్చిన రోజు నుంచి ఆఖరి విడత సీట్ల జాబితా వెలువడే దాకా, పిల్లల ఎంబీబీఎస్ సీటు కోసం చూస్తున్న ఇంట్లో మరో మాట ఉండదు. విజయవాడ, గుంటూరు, బందరు, ఏలూరు, ఏ ఊరైనా అంతే. ఆ ఇంటికి వచ్చే చుట్టాలు, ఇరుగుపొరుగు రెండు జట్లుగా ఉంటారు. ‘తప్పకుండా వస్తుంది, దిగులు పడకు తల్లీ’ అనేది ఒక జట్టు. ‘ఈ ర్యాంకుకు ఏం వస్తుందండీ, ఆలస్యం చెయ్యకుండా లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్పించండి’ అనేది రెండోది. మొదటివాళ్లు ఆశ పెడతారు, రెండోవాళ్లు ఉన్న ఆశ తీసేస్తారు. ఆ మాట అనే ముందు కిందటేటి సీట్ల కేటాయింపు జాబితా తెరిచి చూసినవాళ్లు రెండు జట్లలోనూ అరుదు. నా వాదన ఏమిటంటే, ఈ నెలల తరబడి నిరీక్షణలో ఆశ నిలుపుకోవడం ఒక పని. నేర్చుకుంటే వచ్చే పని. సీట్లు ఎలా కదులుతాయో తెలుసుకోవాలి, ఆ కదలికలో మన ర్యాంకు ఎక్కడుందో చూసుకోవాలి, ఎప్పటిదాకా ఎదురుచూడాలో ముందే ఒక తేదీ రాసిపెట్టుకోవాలి. ఈ మూడూ చేసినవాళ్ల ఆశ ఎవరో ఒకరు ఫోన్ చేసి అన్న మాటకు కూలిపోదు.

మన దగ్గర ఇప్పుడు వైద్యవిద్యకు ఇంటర్వ్యూ లేదు. ఒకప్పుడు దేశంలో కొన్నిచోట్ల ఉండేది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల పిల్లలకు మాత్రం ఇప్పటికీ అదే పరీక్ష. అక్కడ ఏటా 50 వేల మందికి పైగా మెడికల్ స్కూళ్లకు దరఖాస్తు చేస్తే చేరేది 23 వేల మంది దాకా. ఇంటర్వ్యూ పిలుపులు వేసవి ముగిసే వేళకు మొదలై మరుసటి ఏడాది మొదటి నెలల దాకా విడివిడిగా వస్తూనే ఉంటాయి. ఎవరిని ఎందుకు పిలిచారో, ఎందుకు పిలవలేదో కాలేజీ చెప్పదు. ఆ పిల్లల ఎదురుచూపుతో పోలిస్తే మన పిల్లలది ఒక్క విషయంలో మేలు. ఇక్కడ ర్యాంకు తెలుసు, సీట్ల సంఖ్య తెలుసు, రిజర్వేషన్ శాతం తెలుసు, కిందటేడు ఏ విడతలో ఏ కాలేజీ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో రాతపూర్వకంగా ఉంది. లెక్క వేసుకునే వీలున్న ఎదురుచూపు మనది. వీలుండి కూడా చాలామంది లెక్క వేసుకోకుండానే ఆ నెలలన్నీ గడిపేస్తున్నారన్నదే నా బాధ.

ముందుగా పెద్ద లెక్క. 2025 మే 4న జరిగిన నీట్‌ను 22 లక్షల మందికి పైగా రాశారు. అర్హత పొందినవాళ్లు 12.36 లక్షలు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు 1.2 లక్షల చుట్టూ ఉన్నాయి. అంటే ‘మా అబ్బాయి క్వాలిఫై అయ్యాడు’ అన్న మాటకు సీటుతో సంబంధం చాలా తక్కువ. క్వాలిఫై అయిన పదిమందిలో సీటు దక్కేది ఒక్కరికి. ఇక మన ఆంధ్రప్రదేశ్‌కు వస్తే ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీలు కలిపి ఆరు వేలకు పైగా సీట్లున్నాయి. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం ఆలిండియా కోటా కింద ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) నింపుతుంది. మిగతావి 1986లో విజయవాడలో ఏర్పడిన ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నింపుతుంది. ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటావి, తక్కినవి యాజమాన్య, ఎన్నారై కోటాలవి. సామాన్య కుటుంబం కన్నేసేది ప్రభుత్వ సీటు మీద, అది కాకుంటే కన్వీనర్ సీటు మీద.

ఇప్పుడు కదలిక సంగతి. గుంటూరు మెడికల్ కాలేజీలో సీటు వచ్చిన విద్యార్థికి ఆలిండియా తరువాతి రౌండులో మంగళగిరి ఎయిమ్స్ వచ్చిందనుకుందాం. అతను వదిలిన సీటులోకి విజయవాడ సిద్ధార్థలో ఉన్న అమ్మాయి వెళుతుంది. ఆమె ఖాళీ చేసిన చోటికి బందరు ప్రభుత్వ కాలేజీలో ఉన్నవాళ్లు, బందరు ఖాళీలోకి ప్రైవేటు కాలేజీ కన్వీనర్ సీటు పట్టుకుని ఉన్నవాళ్లు వస్తారు. ఈ వరుస చివర, అప్పటిదాకా ఏ సీటూ లేని ఒక పేరు జాబితాలోకి ఎక్కుతుంది. పైన ఒక్కరు కదిలితే కింద నలుగురు కదులుతారు. విడత విడతకూ చివరి ర్యాంకు కిందికి జరగడానికి కారణం ఇదే. కాబట్టి మొదటి విడతలో పేరు లేకపోవడం తీర్పు కాదు. అలాగని ప్రతి ర్యాంకుకూ ఇది వర్తించదు. చివరి ర్యాంకు ఎంత కిందికి జరుగుతుందన్నదానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దు పాత జాబితాల్లో కనిపిస్తుంది.

ఆ జాబితాలు చదవడంలోనే పొరపాటు జరుగుతోంది. అందరూ అడిగేది ‘కిందటేడు ఎన్ని మార్కులకు ఆగింది?’ అని. 2024లో సవరించిన ఫలితాల తరువాత కూడా 720కి 720 వచ్చినవాళ్లు 17 మంది. 2025లో దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థికి 686. పేపరు అంత కష్టంగా వచ్చింది. 2024 మార్కుల కటాఫ్ పక్కన పెట్టుకుని 2025 మార్కు చూసుకున్న పిల్ల, నిజానికి మంచి ర్యాంకులో ఉండి కూడా, తన పని అయిపోయిందనుకుని ఏడ్చి ఉంటుంది. మార్కు ఏటేటా మారుతుంది, పోల్చవలసింది ర్యాంకును. అదీ తన కేటగిరీలో, తన లోకల్ ఏరియాలో. కేటాయింపు జాబితా తెరిస్తే అందులో ర్యాంకు, కేటగిరీ, ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతమా శ్రీవేంకటేశ్వర ప్రాంతమా, ఏ కాలేజీ, ఏ కోటా కింద అన్నవి వరుసగా ఉంటాయి. దాన్ని మొదటి పేజీ నుంచి చదివితే పై ర్యాంకుల వాళ్ల పేర్లు చూసి గుండె జారడం తప్ప ఉపయోగం లేదు. చివరి పేజీ నుంచి వెనక్కి రావాలి. తన కేటగిరీలో, తన ప్రాంతంలో ఆఖరి పేరు ఎవరిదో పట్టుకోవాలి. మొదటి విడతకూ ఆఖరి విడతకూ ఆ పేరు ఎంత దూరం జరిగిందో రాసుకోవాలి. ఒక్క ఏడాదిది చాలదు. 2023లో బందరు, ఏలూరుతో సహా రాష్ట్రంలో ఐదు కొత్త ప్రభుత్వ కాలేజీలు ఒక్కో దానికి 150 సీట్లతో తెరుచుకున్నాయి. అందులో కొంత భాగం సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లే అయినా, సీట్లు పెరిగిన ఏడాది చివరి ర్యాంకు అంతకు ముందు ఏడాది ఆగినచోట ఆగదు. రెండు మూడేళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అసలు సంగతి తెలిసేది.

కాలేజీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్ల దగ్గరా ఇలాంటి భయమే ఒకటి తిరుగుతూ ఉంటుంది. పెద్ద కాలేజీని పైన పెడితే కిందిది కూడా పోతుందని, కాబట్టి ‘వచ్చేదాన్నే’ మొదట పెట్టాలని. సీట్లు ఇచ్చే పద్ధతి తెలిస్తే ఈ భయం ఉండదు. పై ర్యాంకువాళ్ల వంతు ముందు. మన వంతు వచ్చినప్పుడు మన ఆప్షన్లను పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లి, ఖాళీ ఉన్న మొదటి కాలేజీ ఇస్తారు. పైన పెట్టిన ఆంధ్రా మెడికల్ కాలేజీ దొరకనంత మాత్రాన కింద ఉన్న చిన్నవుటపల్లి కాలేజీ చేజారదు. కాలేజీ ప్రవేశాల మీద గేల్, షేప్లీ 1962లో రాసిన వ్యాసం దగ్గర మొదలైన ఈ శాస్త్రానికే 2012లో షేప్లీకీ రోత్‌కూ ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నిజంగా కోరుకున్న వరుసలో రాయడమే లాభం అనేది ఇందులో తేలిన సంగతుల్లో ఒకటి. జాగ్రత్త పడవలసింది వేరే చోట. చేరే ఉద్దేశం లేని కాలేజీని, ఫీజు కట్టలేని సీటును ఆప్షన్లలో పెట్టకూడదు. తరువాతి విడతలో పై ఆప్షన్ వస్తే చేతిలో ఉన్న సీటు దానంతటదే రద్దవుతుంది. కొత్తది వద్దనుకున్నా పాతది వెనక్కి ఇవ్వరు. చేరకపోతే ఏమవుతుందో ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఉంటుంది, అది అక్షరం వదలకుండా చదవాలి.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఇంత లెక్క వేసుకున్నాక ఇక ఆశ ఎక్కడిది, పిల్లల ముందు ఇవన్నీ విప్పితే ఉన్న ధైర్యం కాస్తా పోదా అని. కృష్ణా డెల్టా శివారు రైతును చూడండి. నాగాయలంక, కోడూరు వైపు పొలాలకు ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన నీరు ఆఖరున చేరుతుంది. పులిచింతలలో ఎంత నిల్వ ఉంది, పట్టిసీమ నుంచి గోదావరి నీరు ఎప్పుడు కలుస్తుంది, కాలువకు ఎప్పుడు వదులుతారు అని కనుక్కుని, దాన్నిబట్టి నారు పోయాలా, వెదజల్లాలా అని తేల్చుకుంటాడు. ఆరా తీసినంత మాత్రాన అతనికి సేద్యం మీద ఆశ లేదని ఎవరూ అనరు. ఇక ధైర్యం సంగతికొస్తే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రివర్‌సైడ్‌లో కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నిరీక్షణ మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడ లాయర్ల అర్హత పరీక్ష రాసినవాళ్లు ఫలితం కోసం నాలుగు నెలలు ఆగాలి. వాళ్ల మీద చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. ఆందోళన తగ్గించుకోవడానికి వాళ్లు చేసిన ప్రయత్నాలు పెద్దగా పనిచేయలేదు. విశేషమేమిటంటే, దిగులుపడుతూ, రాదేమోనని తలచుకుంటూ గడిపినవాళ్లే చెడు కబురు వచ్చినప్పుడు త్వరగా తేరుకుని తరువాతి పని చూసుకున్నారు, మంచి కబురుకు ఎక్కువ సంతోషించారు. కాబట్టి పిల్ల ముఖం దిగులుగా ఉందని ఇల్లంతా కంగారుపడి నవ్వించాల్సిన పని లేదు. ‘పాజిటివ్‌గా ఉండు’ అని పూటకోసారి చెప్పడం ఆమె మోయవలసిన బరువుల్లో ఇంకొకటి కలపడమే. మనసు పట్టే పని ఏదైనా చేతిలో ఉన్నప్పుడు ఎదురుచూపు తేలికవుతుందని అదే పరిశోధకురాలి తరువాతి అధ్యయనం చెబుతోంది. అయితే దిగులు వేరు, తిండీ నిద్రా మానేసి ముడుచుకుపోవడం వేరు. రెండోది కనిపిస్తే ర్యాంకు గొడవ పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయాలి. టెలీ మానస్ అనే ఆ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. అన్యాయంగా ఉన్న ఏర్పాటులో లెక్కలు వేసుకుని నిబ్బరంగా కూర్చోమనడం ఏం న్యాయం అని. డబ్బున్నవాళ్లు యాజమాన్య కోటాలో తక్కువ ర్యాంకుకే చేరిపోతారు. 2024లో ఫలితం జూన్ 4న వచ్చాక 67 మందికి పూర్తి మార్కులు రావడం, గ్రేస్ మార్కుల గొడవ, పేపరు లీకు ఆరోపణలు, 1,563 మందికి మళ్లీ పరీక్ష, ఇవన్నీ దాటుకుని జూలై 23న సుప్రీంకోర్టు పరీక్షను రద్దు చేయబోమని చెప్పేదాకా పిల్లలు నలిగిపోయారు. 2021లో పరీక్ష సెప్టెంబరు 12న జరిగితే, రిజర్వేషన్ల కేసు తేలి ఆలిండియా కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి 2022 జనవరి వచ్చింది. ఈ కోపం న్యాయమైనదే, నేను దాన్ని తగ్గించమనను. ఫీజుల మీద, కోటాల మీద, లీకుల మీద పెద్దవాళ్లు పోరాడాలి, ప్రభుత్వాన్ని నిలదీయాలి. కానీ ఆ పోరాటం పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల నిద్ర మీద నడవకూడదు. వ్యవస్థ చేసిన ఆలస్యాన్ని పిల్లలు తమ తప్పుగా మోస్తున్నారు. ఏ ఆలస్యం ఎవరి వల్ల వచ్చిందో విడమరిచి చెప్పడం కూడా ఆశను కాపాడడమే. ఎందుకంటే తేదీ వాయిదా పడ్డప్పుడల్లా తన అదృష్టం బాగోలేదనుకునే పిల్లకు ఆ మాట ఎంతో ఊరట.

మూడేళ్ల జాబితాలు చూసినా, ఆఖరి విడత దాకా లెక్క వేసినా తన ర్యాంకు ఆ హద్దుకు చాలా దూరంలో ఉందని తేలితే? అప్పుడు ఆశ పెట్టడం క్రూరత్వం. నిజం చెప్పాలి, చెప్పిన రోజే తలుపులు ఇంకేవి ఉన్నాయో కూడా చెప్పాలి. నీట్ ర్యాంకుతోనే బీడీఎస్ ఉంది. విజయవాడలోనే నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, గుడివాడలో గురురాజు ప్రభుత్వ హోమియో కళాశాల ఉంది. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. వీటిని ‘ఏదీ రాకపోతే’ అనే గొంతుతో చెప్పినంత కాలం పిల్లలు వాటిని ఓటమిగానే చూస్తారు. లాంగ్ టర్మ్ కూడా తలుపే, కాని మార్కులు ఏ సబ్జెక్టులో ఎందుకు పోయాయో తెలిసినప్పుడు మాత్రమే. తెలియకుండా కోచింగ్ హాస్టల్లో ఇంకో ఏడాది పెట్టడమంటే అదే నిరీక్షణను పొడిగించడం. విదేశీ ఎంబీబీఎస్ వైపు చూసేవాళ్లు అక్కడి కోర్సు 54 నెలలకు తగ్గకూడదనీ, తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్షలో 300కు 150 రావాలనీ, ఆ పరీక్షలో తప్పేవాళ్లే ఎక్కువనీ తెలుసుకున్నాకే అడ్వాన్సు కట్టాలి. వీటిలో ఏదైనా సరే, ఆఖరి విడత ముగిసే తేదీకి ముందే ఎంచి పెట్టుకోవాలి. ఆ తేదీ వచ్చాక ‘ఇంకెక్కడైనా ఒక సీటు మిగిలిందేమో’ అని ఫోన్లు తిప్పే ఇంటికే ‘సీటు ఇప్పిస్తాం’ అనే దళారులు చేరతారు.

చివరిగా హెల్త్ యూనివర్సిటీకి ఒక విన్నపం. ఐదేళ్లలో ఏ విడతలో, ఏ కాలేజీలో, ఏ కేటగిరీలో, ఏ ప్రాంతంలో సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ఒక్క పట్టికలో, తెలుగులో, నీట్ ఫలితం వచ్చిన వారంలోనే వెబ్‌సైట్‌లో పెట్టండి. సమాచారమంతా మీ దగ్గర ఉన్నదే. విడతల తేదీలు వాయిదా వేయక తప్పనప్పుడు కారణం కూడా అదే నోటీసులో రాయండి.