గాలి నాణ్యతా సూచిక: ఒక విమర్శ

పట్టణములలోని గాలి యెట్లున్నదో ప్రజలకు తెలుపుటకై మన దేశమున 2015 ఏప్రిల్‌లో జాతీయ వాయు నాణ్యతా సూచిక అమలులోనికి వచ్చినది. ధూళి, గంధక ద్విఆక్సైడు మొదలైన ఎనిమిది కాలుష్యములకు వేర్వేరుగా అంకెలు కట్టి, అందు మిక్కిలి చెడ్డదానిని గైకొని, 0 నుండి 500 వరకు గల కొలతపై చూపుట దీని పద్ధతి. 50 వరకు ‘మంచిది’. 100 వరకు ‘సంతృప్తికరము’. 400 దాటినచో ‘తీవ్రము’. రసాయనశాస్త్రము నెరుగనివారికి కూడ గాలి సంగతి తెలియజెప్పగలుగుట దీని గొప్ప గుణము. అయితే ఒక్క అంకె చెప్పునది కొంత, మరుగుపరచునది కొంత. ఆ మరుగుపడినదేదియో విశాఖపట్టణమును ఉదాహరణముగా గైకొని పరిశీలింతము.

ఎడారి నగరములలో వేసవి గాడ్పులు ఇసుకను లేపి గాలిని చెరచును. విశాఖలో కష్టకాలము శీతకాలము. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1957 నాటి చమురు శుద్ధి కర్మాగారము, వాని చుట్టు పెరిగిన పరిశ్రమలు, దక్షిణమున యారాడ కొండలకు, ఉత్తరమున కైలాసగిరి వరుసకు నడుమనున్న పల్లములో నెలకొన్నవి. చలికాలపు రాత్రులందు నేల త్వరగా చల్లబడును. నేలనంటిన గాలియు చల్లబడి బరువెక్కును. దానిపై వెచ్చని గాలి మూతవలె నిలుచును. దీనినే ఉష్ణోగ్రతా విలోమమందురు. పొగ పైకి పోజాలక పల్లములోనే నిలిచిపోవును. ప్రొద్దెక్కి నేల కాగిన పిదపగాని ఆ మూత తొలగదు. వర్షకాలమున వానలు ధూళిని కడిగివేయును. కావున విశాఖకు ఏడాది పొడవునా ఒకే గాలి యున్నదనుకొనుట పొరపాటు.

ఇక లెక్క చూడుడు. పి.ఎం. 2.5 అనబడు సూక్ష్మధూళికి మన దేశపు ప్రమాణము ఘనపు మీటరునకు సంవత్సరపు సగటు 40 మైక్రోగ్రాములు, దినపు సగటు 60. ఒక ఊరిలో నాలుగు శీతకాలపు మాసములు 75, తక్కిన ఎనిమిది మాసములు 20 ఉన్నదని ఊహింతము. సంవత్సరపు సగటు సుమారు 38. ఏడాది లెక్కలో ఆ ఊరు ఉత్తీర్ణమైనది. నాలుగు మాసములు మాత్రము అచటివారు పీల్చినది దినప్రమాణమును మించిన గాలియే.

దినపు సూచికయందును ఇదే చిక్కు. ధూళి విషయమున అది 24 గంటల సగటుపై ఆధారపడును. తెల్లవారుజామున నాలుగు గంటలు 150, తక్కిన ఇరువది గంటలు 30 ఉన్నచో సగటు 50. సూచిక ‘సంతృప్తికరము’ అనును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన దినపు హద్దు 15 మాత్రమే. వేకువనే వీధులూడ్చు కార్మికునకు, చదువుకై సైకిలుపై పోవు బాలునకు ఆ ‘సంతృప్తి’ ఎక్కడిది?

మూడవ లోపము మరింత గంభీరమైనది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారము నుండి స్టైరీను ఆవిరి వెలువడి, పన్నెండుగురు మరణించిరి. సూచికలోని ఎనిమిదింటిలో స్టైరీను లేదు. అది గాలిని ఎంత విషపూరితము చేసినను ఆ అంకె కదలదు. సూచిక నిత్యకాలుష్యమునకు కొలతయేగాని ప్రమాదమునకు హెచ్చరిక కాదు. ఈ భేదమును ప్రజలకు స్పష్టముగా చెప్పవలసియున్నది.

2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమమున విశాఖయు చేరినది. కాని అందు ప్రగతిని ప్రధానముగా పి.ఎం. 10 అనబడు పెద్ద ధూళితో కొలిచిరి. రోడ్లపై నీరు చల్లిన ఆ ధూళి తగ్గవచ్చును. ఇంధనము మండుటచే పుట్టి, ఊపిరితిత్తుల లోతునకు పోవు సన్నని ధూళి అంతగా తగ్గదు. కొలుచునదానిని బట్టియే పని జరుగునుగదా!

చోడవరము వంటి ఊళ్ల సంగతి వేరు. అచట కర్మాగారముల వరుసలు లేవు; చెరకు పొలములున్నవి. చలికాలముననే గానుగలాడును, ఎండిన చెరకు పిప్పిని పొయ్యిలలో మండించి బెల్లము వండుదురు. ఆ పొగకును విలోమమే మూత. విశాఖలోని యంత్రము చూపు అంకె పెనము చెంత నిలిచినవాని ఊపిరిని గూర్చి ఏమియు చెప్పజాలదు.

సూచికను త్రోసివేయుమని మా భావము కాదు. ఋతువువారీ సగటులను, గంటవారీ హెచ్చు విలువలను దాని ప్రక్కనే ప్రకటించవలెను. చిన్న పట్టణములందును కొలతలు తీయవలెను. ఉపాధ్యాయులు పై రెండు లెక్కలను తరగతిలో చేయించవచ్చును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గంటగంటకు ప్రకటించు విశాఖ అంకెలలో ఉదయము ఆరు గంటలది, మధ్యాహ్నము రెండు గంటలది జనవరిలో ఒక వారము, జూలైలో ఒక వారము విద్యార్థులచే వ్రాయించి, రేఖాపటము గీయించినచో, సగటు మరుగుపరచినది ఎంతయో వారి కంటికే కనబడును.