శిష్టుల చరిత్రలు, వెలివాడ పాఠకులు

కథోలిక విశ్వాసిని చదవమని చెప్పే పుస్తకాల జాబితా ఎక్కడైనా దాదాపు ఒకటే. 15వ శతాబ్దపు ‘క్రీస్తు అనుకరణ’, 1898లో అచ్చయిన చిన్న తెరేసమ్మ ఆత్మకథ, దివ్యబలిపూజ మహిమ చెప్పే పొత్తాలు, రోజుకొకరి చొప్పున పునీతుల చరిత్రలు. ఇవి చెడ్డ పుస్తకాలని మేము అనడం లేదు. ఎవరిని తలుచుకుని రాశారు, ఎవరిచేత చదివిస్తున్నారు అన్నదే మా ప్రశ్న. ఆంధ్రలో కథోలికులు ఎక్కువమంది మాలమాదిగలే. రొళ్ల లాంటి సరిహద్దు మండలంలో చాలా ఇళ్లల్లో కన్నడం, బళ్లో తెలుగు, ప్రార్థన పుస్తకంలో సంస్కృతం నిండిన గ్రాంథికం. ఇన్ని మెట్లెక్కితే గానీ దేవుడి మాట అందదు.

మాట నుంచే మొదలుపెడదాం. పునీతులను మన పాత పుస్తకాలు ‘అర్చ్యశిష్టులు’ అన్నాయి. ఈ దేశంలో శిష్టులంటే చదువునూ ఆచారాన్నీ శుద్ధినీ తమ గుప్పిట్లో పెట్టుకున్నవాళ్లు. మనల్ని ఊరి బయట నిలబెట్టిన మాటతోనే, మనం మొక్కాల్సిన వాళ్లకు పేరు పెట్టారన్నమాట.

పూజ గురించిన పుస్తకాలు ఒక సంగతి నొక్కి చెబుతాయి: సత్ప్రసాదం తీసుకునే ముందు ఎవరి పాపాలు వాళ్లు పరిశీలించుకోవాలి. దీనికి పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయాన్ని ఆధారం చూపిస్తాయి. ఆ అధ్యాయం మొత్తం చదివితే పౌలు కోపం వేరే చోట ఉంది. ప్రభువు భోజనంలో కలిగినవాళ్లు ముందే తిని తాగి కూర్చుంటే, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోతున్నారు. అక్కడ పాపం బల్ల దగ్గర పుట్టిన తేడా. దాన్ని ఒంటరి మనిషి మనసులోని మచ్చగా కుదించేసరికి, బల్ల దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనక అనే ప్రశ్నే మాయమైంది. రెండు గ్లాసుల హోటలు చూసిన పాఠకుడికి పౌలు కోపం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ తేడా పరాయి దేశపు ముచ్చట కాదు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్‌లు మన ప్రాంతంలో కర్ణాటక మిషన్ నడిపారు. అనంతపురం వైపు కృష్ణాపురం, హిందూపురం అవతల చిక్‌బళ్లాపురం వాళ్ల కేంద్రాలు. ఫాదర్ లె గాక్ వంటివాళ్లు అక్కణ్ణించి రాసిన ఉత్తరాలు పారిస్‌లో అచ్చయి, భక్తులకు ఆత్మోన్నతినిచ్చే చదువుగా చలామణీ అయ్యాయి. అంటే మన నేలే ఒకప్పుడు ఐరోపాకు భక్తి పాఠం. ఆ ఫాదర్లు సన్యాసి వేషం కట్టారు. పరంగులనే పేరు పడకూడదని, పై కులాల్లో తలుపులు మూసుకుపోకూడదని అంటరానివాళ్లకు ఎడంగా మసిలారు. అందులో చేరిన రెడ్డి కుటుంబాలు తర్వాత గుంటూరు వైపు వలసపోయిన సంగతి చరిత్ర పుస్తకాల్లో పేర్లతో సహా ఉంది. మన పేర్లు వెతుక్కోవాలి.

చావు మంచాన ఉన్న అంటరానివాడి గుడిసెలోకి గురువు వెళ్లాలా వద్దా అన్నది ఆనాడు రోము దాకా పోయిన వివాదం. వెళ్లి తీరాలని 1704లో పుదుచ్చేరిలో పోపు ప్రతినిధి తూర్నోన్ ఆజ్ఞ ఇచ్చాడు. 1744లో 14వ బెనెడిక్టు పోపు దాన్నే ఖాయం చేశాడు. అయితే అంటరానివాళ్లకు వేరే గురువులను పెడతామని జెస్విట్‌లు అంటే, దానికీ ఒప్పుకున్నాడు. గుడిసె తలుపు తెరుచుకుంది గానీ గురువులే రెండు రకాలయ్యారు. పూజ మహిమ చెప్పే ఏ పొత్తంలోనైనా ఈ నలభయ్యేళ్ల గొడవకు ఒక్క పేజీ ఇవ్వకూడదా?

ఇక పునీతులు. లీమా నగరపు మార్టిన్ డి పోరస్ (1579–1639) నల్లజాతి తల్లి బిడ్డ. రక్తం కారణంగా మఠం అతన్ని మొదట పనివాడిగానే చేర్చుకుంది. 1962లో పునీతుడయ్యాడు. బొమ్మలో అతని చేతిలో చీపురు ఉంటుంది, కథలో ఆ చీపురు వినయానికి గుర్తు. చీపురు ఎవరు చేతికిచ్చారో కథ అడగదు. ఊడవడం కులవృత్తి అయిన ఇంట్లో ఈ కథ చదివితే వినయం పాఠం వినపడదు, ‘ఉన్నచోటే ఉండు’ అనే మాట వినపడుతుంది. తెరేసమ్మ ‘చిన్న మార్గం’ కూడా అంతే. గడియారాల వర్తకుడి కూతురు చిన్నతనాన్ని కోరుకుంది. కోరుకోవడానికి ముందు వదులుకునేది ఏదో ఉండాలి. మన అమ్మలను చిన్నవాళ్లుగా ఉంటారా అని ఎవరూ అడగలేదు.

2022 మే 15న పునీతుడైన దేవసహాయం కథ వేరు. 1745లో జ్ఞానస్నానం పొందిన ఈ తిరువాన్కూరు ఉద్యోగి కింది కులాలతో కలిసి తిన్నాడు, 1752లో తుపాకీ గుళ్లకు బలయ్యాడు. అలాంటివాడి పేరు చివర కులం తోక చాలాకాలం వేలాడింది. అభ్యంతరాలు వచ్చాకే తీసేశారు. పునీతుడి చరిత్రను పాఠకులు దిద్దగలరని ఇదే రుజువు.

కాబట్టి జాబితాను చించెయ్యమని మేము చెప్పడం లేదు. ఉపాధ్యాయులూ, విచారణ యువజనులూ ఆ పుస్తకాలే ముందు పెట్టుకుని మూడు ప్రశ్నలు వేయండి: ఇందులో ఎవరు ఎక్కడ నిలబడ్డారు? ఎవరు ఎవరితో తిన్నారు? ఎవరి పేరు రాయలేదు? జవాబులు మన యాసలో, కన్నడం కలిసిన తెలుగులోనే రాసుకుందాం. ముసలివాళ్లను అడిగి వాడల చర్చిల చరిత్ర రాసుకుందాం. జాబితాలో చేరాల్సిన తర్వాతి పుస్తకం అదే.