సెకనుకు ఎనిమిది బ్లాకులు

మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో వెయ్యి బ్లాకుల దూరం రైలు మార్గం వేయాలంటే సుమారు 366 ఇనుప కడ్డీలు, 30 బంగారు కడ్డీలు కావాలి. ఆ ఖనిజమంతా గుహల్లోకి దిగి తవ్వుకోవాలి, కొలిమిలో కరిగించుకోవాలి. కొండ అడ్డొస్తే సొరంగం తొలవాలి, లోయ వస్తే వంతెన కట్టాలి. ఇంతా చేస్తే బండి వేగం సెకనుకు 8 బ్లాకులే. వెయ్యి బ్లాకులు దాటడానికి రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. అదే దూరం పరుగెత్తితే మూడు నిమిషాలు. మిగిలేది నిమిషం కూడా కాదు.

అయినా ఆటగాళ్లు 2010 నుంచి పట్టాలు వేస్తూనే ఉన్నారు. ఆ పని చూస్తున్నకొద్దీ నాకు గౌరవం పెరుగుతోంది. ఈ ఆటలో కోటలు కట్టడానికి కంటి చూపు చాలు. రైలు మార్గానికి మాత్రం ముందుచూపు కావాలి.

స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో ఈ ఆటను జనం ముందుకు తెచ్చాడు. పట్టాలు, బండ్లు మరుసటి ఏడాది వచ్చాయి. బండికి ఇంజను లేదు. బొగ్గు వేస్తే ముందున్న బండిని నెట్టే కొలిమి బండి ఒకటుండేది గానీ దాంతో దూర ప్రయాణాలు కష్టం. అప్పుడు ఆటగాళ్లు ఒక లోపాన్ని పట్టుకున్నారు. రెండు పట్టాలను పక్కపక్కనే వేసి, ఒకదానిపై ఖాళీ బండిని ఉంచితే, రెండో పట్టా మీద వచ్చే బండి దాన్ని ఒరుసుకుని ఒక్కసారిగా వేగం పుంజుకునేది. ప్రోగ్రాములో దొర్లిన తప్పును ఇంజనుగా వాడుకున్నారన్నమాట. ఆ పద్ధతికి ‘బూస్టర్’ అని పేరు. 2011 ఏప్రిల్‌లో పవర్డ్ రైల్ వచ్చాకే దాని అవసరం తీరింది.

పవర్డ్ రైల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విద్యకు ప్రాణం అదే. ఆరు బంగారు కడ్డీలు, ఒక కర్ర పుల్ల, చిటికెడు రెడ్‌స్టోన్ పొడి (ఈ ఆటలో కరెంటు లాంటిది) కలిపితే ఆరు పట్టాలు వస్తాయి. పక్కన రెడ్‌స్టోన్ టార్చ్ గుచ్చితే పట్టా వెలుగుతుంది, మీదుగా వెళ్లే బండిని తోస్తుంది. కరెంటు తీసేస్తే అదే పట్టా బ్రేకు. స్టేషనులో బండి ఆగేదీ, బటన్ నొక్కగానే కదిలేదీ ఈ ఒక్క పట్టాతోనే. బంగారం అరుదు కాబట్టి దారంతా ఇవే పరచడం కుదరదు. మనిషి కూర్చున్న బండికి సమతల నేల మీద సుమారు 38 బ్లాకులకు ఒకటి చాలు. ఎగువ దారిలో మాత్రం రెండు మూడు పట్టాలకొకటి పెట్టక తప్పదు. ఖాళీ బండి సంగతి వేరు, అది చాలా త్వరగా నీరసించిపోతుంది. మనిషితో ఒకసారి సాఫీగా వెళ్లొచ్చిందని అదే లైను మీద ఖాళీ బండిని వదిలితే దారిలోనే నిలిచిపోతుంది.

ఇంకో చిక్కుంది. పవర్డ్ రైల్ వంపు తిరగదు, మామూలు పట్టాలే తిరుగుతాయి. తిరిగే పట్టా ఎత్తు ఎక్కదు. కాబట్టి కొండ దగ్గరికొచ్చాక ఆలోచిద్దాంలే అంటే కుదరదు. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మలుపు తీసుకోవాలి, ఆ మలుపు తర్వాత తోపు ఎక్కడ ఇవ్వాలి అన్నది ముందే నడిచి చూసుకోవాలి. మూడు దారులు కలిసే చోట మధ్య పట్టా తనంతట తాను దక్షిణానికో తూర్పుకో తిరుగుతుంది. లివర్ పెడితే రెండో వైపుకు మారుతుంది. ఈ రెండు ముక్కలు తెలిస్తే పెద్ద జంక్షన్ కూడా కట్టొచ్చు.

వేగం కోసమైతే ఈ మార్గాల కాలం ఎప్పుడో చెల్లిపోయింది. 2016లో ఎలిట్రా రెక్కలు వచ్చాయి, ఆ తర్వాత నీలి మంచు మీద సెకనుకు 70 బ్లాకులకు పైగా దూసుకుపోయే పడవలు వచ్చాయి. అయితే రెక్కలు మనిషిని మోస్తాయి, సరుకును బండ్లకొద్దీ మోయవు. తనంతట తాను వచ్చి, ఖాళీ అయి, తిరిగి వెళ్లే సరుకు బండిని ఒక్కసారి చూసినవాళ్లు పట్టాల విలువను తక్కువ చేయరు. పంట పొలం మట్టి కింద హాపర్ బండి తిరుగుతూ ఉంటుంది. పైన రాలిన గింజలను ఆ మట్టి దిమ్మె గుండానే లోపలికి లాక్కుంటుంది. స్టేషనుకొచ్చి, బండి రాకను పసిగట్టే డిటెక్టర్ రైల్ మీద ఆగగానే, పట్టా కింద ఉన్న మరో హాపర్ ఆ సరుకును పెట్టెలోకి దించుకుంటుంది. పట్టాను ఆనుకుని ఉన్న కంపారేటర్ అనే రెడ్‌స్టోన్ పరికరం, బండిలో సరుకున్నంతసేపూ సిగ్నల్ ఇస్తుంది. ఆ సిగ్నల్‌ను టార్చ్‌తో తలకిందులు చేసి పవర్డ్ రైల్‌కు కలుపుతారు. సరుకున్నంతసేపు పట్టా ఆరిపోయి ఉంటుంది. చివరి గింజ దిగగానే వెలుగుతుంది, బండి కదిలిపోతుంది. మనిషి చెయ్యి ఎక్కడా పడదు.

గ్రామస్థులను తరలించడానికీ బండి బాగా పనికొస్తుంది. ఈ ఆటలో గ్రామస్థుడు మనం రమ్మన్న చోటికి రాడు. దగ్గరకు బండిని తోస్తే ఎక్కి కూర్చుంటాడు, తనంతట తాను దిగడు. దింపాల్సిన చోట యాక్టివేటర్ రైల్ పెట్టాలి. వర్తకం కోసం ఊళ్లు కట్టుకునేవాళ్లకు ఇది రోజువారీ పని.

దూర ప్రయాణానికి పాతకాపులు ఆటలోని పాతాళం లాంటి నెదర్ లోకం గుండా లైను వేస్తారు. అక్కడ ఒక్క బ్లాకు నడిస్తే పై లోకంలో ఎనిమిది బ్లాకులు నడిచినట్టే. వెయ్యి బ్లాకుల మార్గం ఎనిమిది వేల బ్లాకుల దూరాన్ని కలుపుతుంది. అక్కడ ఎగిరే గాస్ట్ అనే జీవుల నిప్పు బంతులు ఆ లోకపు రాయి నెదర్‌రాక్‌ను పేల్చేస్తాయి, కాబుల్‌స్టోన్‌ను పేల్చలేవు. అందుకే నెదర్ సొరంగాలకు గోడలు, కప్పు కాబుల్‌స్టోన్‌తో కడతారు. పెద్ద సర్వర్లలో ఇలాంటి సొరంగాలను పదిమంది కలిసి పంచుకుని తవ్వుతారు. ఒకరు ఇనుము తెస్తారు, ఒకరు దారి తొలుస్తారు, వెనకాలే ఇంకొకరు టార్చ్‌లు గుచ్చుకుంటూ వస్తారు. కొత్తగా చేరినవాళ్లు పని నేర్చుకునేది ఇక్కడే.

2024లో తయారీ సంస్థ మోజాంగ్, బండి వేగం పెంచుకునే వీలును ప్రయోగాత్మకంగా ఇచ్చింది. అది అందరికీ స్థిరపడితే మంచిదే. కానీ 38 బ్లాకుల లెక్కతో బంగారం పొదుపు చేస్తూ వేసిన మార్గాలు నాకు ఎక్కువ ఇష్టం. ఆ పరిమితి ఉండబట్టే ఇంత నైపుణ్యం పుట్టింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి లైను దూరపు ఊళ్లకు వేయకండి. ఇంటి నుంచి గని దాకా వేయండి. రెండు చివర్లా స్టేషను కట్టి, ఖాళీ బండిని వదిలి చూడండి. అది తిరిగి వచ్చాకే మార్గం పొడిగించండి.