పసుపుకు పెట్టిన పరీక్ష

చార్మినార్ పక్కనున్న యునానీ దవాఖానా వరండాలో కూర్చున్నా, మీరాలం మండిలో పసుపు కొమ్ములు తూచే కొట్టు ముందు నిలబడ్డా, పసుపు క్యాన్సర్‌ను కూడా ఆపుతుందట అనే మనిషి ఎవరో ఒకరు తగులుతారు. ఆ మాటలో నిజమెంతో కొలిచి చూసిన పని ఒకటి మూసీకి అవతల, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగింది. పొలాస కల్పగం, కమలా కృష్ణస్వామి, వారి సహచరులు చేసిన ఆ ప్రయోగం 1992లో ‘మ్యూటాజెనిసిస్’ పత్రికలో వచ్చింది. వ్యాసం చిన్నది, పనితనం పెద్దది.

పసుపు తింటే క్యాన్సర్ రాదా అని వాళ్లు అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు రావాలంటే వేలమందిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. పొగ తాగేవాళ్ల మూత్రంలో జన్యువులను చెడగొట్టే పదార్థాలు బయటపడతాయి. పసుపు తింటే అవి తగ్గుతాయా? ప్రశ్న ఇంతే. చాలాకాలంగా పొగ తాగుతున్న 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు, 30 రోజులు. పోలికకు పొగ తాగని ఆరుగురు.

కంటికి కనపడని ఆ చెడును కొలవడానికి బ్రూస్ ఏమ్స్ రూపొందించిన పరీక్ష ఉంది. అందులో వాడే సాల్మొనెల్లా సూక్ష్మజీవులు హిస్టిడిన్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు, ఆ జన్యువు ముందే చెడి ఉంటుంది. హిస్టిడిన్ దాదాపు లేని పళ్లెంలో అవి పెరగవు. జన్యువును మార్చే పదార్థం తగిలితే మాత్రం కొన్నింటిలో ఆ లోపం తిరగబడి సరవుతుంది, అవి చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. చుక్కలెన్నో లెక్కపెడితే ముప్పెంతో తెలుస్తుంది. చెడిన జీవినే కొలబద్దగా వాడుకోవడం, ఎంత తెలివో చూడండి!

పొగ తాగేవాళ్లలో ఆ పదార్థాలు గణనీయంగా తగ్గాయి. ఆ ఆరుగురిలో మార్పు లేదు. నాకు మరీ నచ్చింది ఆ తర్వాతి జాగ్రత్త. కాలేయపు ఎంజైములు, రక్తంలో చక్కెర, క్రియాటినిన్, కొవ్వులు కూడా చూసి, పసుపు వల్ల వాటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని రాశారు.

కణం లోపల పసుపు ఏం చేస్తుందన్నది మరో మెట్టు. 2004లో బెంగళూరులో తపస్ కుందు బృందం ఆ మెట్టెక్కింది. మన డీఎన్‌ఏ హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది. పీ300 అనే ఎంజైము వాటికి అసిటైల్ ముక్కలు తగిలిస్తే చుట్ట వదులై, జన్యువు పనిలోకి దిగుతుంది. పసుపులోని కుర్కుమిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుందని వాళ్లు చూపారు. దాని తోటి ఎంజైము పీక్యాఫ్‌ను మాత్రం ముట్టుకోదనీ పరీక్షించి మరీ చెప్పారు. జన్యువులో ఒక్క అక్షరమూ మారదు, దాని పనే తగ్గుతుంది. క్యాన్సర్ కణంలో పనిచేయకూడని జన్యువులు అదేపనిగా పనిచేస్తుంటాయి కాబట్టే శాస్త్రజ్ఞులకు దీనిమీద ఇంత ఆశ.

ఆశ వేరు, మందు వేరు. తిన్న కుర్కుమిన్‌లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రోగులకూ వైద్యులకూ ఎవరికేది ఇచ్చారో తెలియకుండా, ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన ఏ పరీక్షలోనూ కుర్కుమిన్ నెగ్గలేదని 2017లో ఒక రసాయనశాస్త్ర సమీక్ష తేల్చింది. తార్నాక వ్యాసం తన 30 రోజుల లెక్క దగ్గరే ఆగింది, దాని గొప్పతనమూ అదే. కూరలో పసుపుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నవాళ్లు మాత్రం పసుపు మాత్రలు మొదలుపెట్టేముందు తమ డాక్టరుకు తప్పక చెప్పాలి.