పల్నాటి డొంకల మీద సైకిల్ యాత్ర

పందెం కోసమో వ్యాయామం కోసమో కాకుండా, ఊళ్ళూ కొండలూ చూసుకుంటూ, తన సామాను తానే మోసుకుపోతూ సాగించే సైకిల్ ప్రయాణాన్ని సైకిల్ యాత్ర అంటారు. ఖరీదైన సైకిలు కంటే ముందు ఈ యాత్రకు కావలసింది లారీలూ బస్సులూ తిరగని దారి. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర కప్పు మార్గం అటువంటి దారిని కొత్తగా కట్టుకునే ప్రయత్నమే గానీ, అది ఎండా వానా తగలకుండా తొక్కడానికి పనికొచ్చినంతగా ఊళ్ళు చూడడానికి పనికిరాదు. నల్లమల అంచున, పల్నాడు జిల్లా వెల్దుర్తి ప్రాంతపు మెట్టలో ఆ దారి తరతరాలుగా ఉండనే ఉంది. దాని పేరు డొంక.

పొలాల మధ్యగా ఎడ్లబండి పోవడానికి ఊరుమ్మడిగా వదిలిన బాటను గుంటూరు సీమలో డొంక అంటారు. రెవెన్యూ లెక్కల్లో ఇది పోరంబోకు, అంటే ఎవరి పట్టాకూ చెందని ప్రభుత్వ భూమి. బండికి ఎద్దులు అలవాటైన వాలు మాత్రమే పనికొస్తుంది కనుక డొంక కొండను నిటారుగా ఎక్కదు, వాగును లోతైన చోట దాటదు, వీలైనంతవరకు గట్టి నేలనే వెతుక్కుంటుంది. కండబలం మీద నడిచే సైకిలుకు కూడా సరిగ్గా ఇవే కావాలి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 నక్షాలో ఒక సెంటీమీటరు అరకిలోమీటరుతో సమానం. అందులో బండిబాటలను విడిగా గుర్తిస్తారు, సమాన ఎత్తులను కలుపుతూ ఇరవై మీటర్లకొక గీత చొప్పున గీస్తారు. బాట మీద ఆ గీతలు ఎంత దగ్గరగా పడితే ఎక్కుడు అంత కఠినమని గ్రహించి, యాత్రికుడు ముందురోజే తన దారిని ఎంచుకుంటాడు.

డొంకకు తోబుట్టువు కాలువకట్ట. నాగార్జునసాగర్ కుడికాలువ, అంటే జవహర్ కాలువ, 203 కిలోమీటర్ల పొడవున నీటిని తన వాలు మీదనే నడిపించాలి కాబట్టి గుట్ట అడ్డువచ్చిన చోట సాధారణంగా చుట్టు తిరిగిపోతుంది. దాని కట్ట మీద తొక్కేవాడికి ఎక్కుడూ దిగుడూ దాదాపు తెలియవు. అయితే కట్ట నీటిపారుదల శాఖది, దాని మీద పోవడానికి వారి అనుమతి ఉండాలి. వెల్దుర్తి మెట్ట ఆ కాలువ కంటే ఎత్తున ఉండి, వరికపూడిశెల ఎత్తిపోతల కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న నేల గనుక, ఇక్కడికి వచ్చేసరికి కాలువ వెనకపడి డొంక ఒక్కటే మిగులుతుంది.

ఈ విద్యకు శాస్త్రం కట్టినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు ఫ్రాన్సుకు చెందిన పాల్ ద వివీ (1853–1930). 'వెలోసియో' అనే కలంపేరుతో రాస్తూ, 1887లో పత్రిక స్థాపించి, ఆకలి వేయకముందే తినాలనీ, దప్పిక కాకముందే తాగాలనీ, గొప్ప కోసం తొక్కరాదనీ బోధించాడు. కొండదారికి ఒక్క గేరు చాలదని వాదించింది కూడా ఆయనే. టూర్ ద ఫ్రాన్స్ పందెం నిర్వాహకులు చైను మార్చే గేరు యంత్రాన్ని 1937 దాకా ఒప్పుకోలేదంటే, పందెగాళ్ళ కంటే యాత్రికులే ఎంత ముందున్నారో తెలుస్తుంది. మన దేశం నుంచి 1923లో బొంబాయిలో బయలుదేరిన పార్సీ యువకుల్లో అది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా 1928లో తిరిగివచ్చేనాటికి ప్రపంచం చుట్టి 44,000 మైళ్ళు తొక్కారు.

గేరు మర్మం లెక్కలో చూస్తే తేలికగా బోధపడుతుంది. మన ఊళ్ళలో పాలకూ కూరగాయలకూ వాడే మామూలు సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకుంటే, పెడలు ఒక చుట్టు తిరిగేలోగా చక్రం రెండున్నర చుట్ల దాకా తిరిగి బండి అయిదు మీటర్లకు పైగా కదులుతుంది. చదునులో ఇది లాభమే గానీ ఎక్కుడులో మోకాళ్ళకు శిక్ష. ముందు 28, వెనక 34 పళ్ళు పెట్టుకుంటే అదే చుట్టుకు బండి రెండు మీటర్లలోపే పోతుంది, కాలి మీద పడే బరువు మూడో వంతుకు తగ్గుతుంది. అప్పటికీ చాలకపోతే దిగి నెట్టుకుపోవచ్చు; అందులో నామోషీ ఏమీ లేదు. దిగుడులో బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము కాలుతుంది కాబట్టి పట్టి వదులుతూ, గులకరాళ్ళ మీద ముందు బ్రేకును మెల్లగా వాడుతూ, బరువును వెనక్కు జరుపుకోవాలి. నలభై మిల్లీమీటర్ల వెడల్పు టైరులో గాలి కొంచెం తక్కువగా ఉంచితే అది రాయిని తనలోకి తీసుకుంటుంది, ఎగిరిపడదు.

పల్నాటి డొంకలో అసలు శత్రువు పల్లేరుకాయ. ఎటు పడినా ఒక ముల్లు పైకే నిలిచే ఈ కాయ ట్యూబులో దిగితే, మొదట టైరు లోపలి వైపంతా వేలికొసతో నెమ్మదిగా తడిమి ముల్లు మొనను తీసేయాలి. లేకుంటే వేసిన అతుకు మైలు దాటకముందే మళ్ళీ చిల్లుపడుతుంది. తర్వాత ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు వచ్చే చోట గుర్తుపెట్టి, ఆరబెట్టి, గీకు కాగితంతో గరుకు చేసి, సొల్యూషన్ రాసి, అది తడి ఆరేదాకా ఆగిన తర్వాతే అతుకు నొక్కాలి. ఆ ఆగడం దగ్గరే తొందరపాటు మనుషులు పని చెడగొట్టుకుంటారు. రెండో శత్రువు నల్లరేగడి: వాన పడితే ఆ మట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య పేరుకుని చక్రాన్ని కదలనివ్వదు, అప్పుడు తారురోడ్డు దాకా భుజాన మోయడం తప్ప గతిలేదు.

సైకిలు వేగం ఇక్కడి చరిత్రకు అతికినట్టు సరిపోతుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం గాథలో బ్రహ్మనాయుడి పక్షం ప్రవాసపు మజిలీగా వినిపించే మండాది వెల్దుర్తి మండలంలోదే; మాచర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవాలయం, రాతి శిల్పానికి 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన దుర్గి, నాగులేటి ఒడ్డున వీరుల ఆయుధాలు పూజలందుకునే కారంపూడి, ఇవన్నీ కాలినడకకు, బండిప్రయాణానికి తగిన ఎడంలో పుట్టినవి. కారులో పోయేవారికి ఇవి ఒకటే మధ్యాహ్నంలో కలిసిపోతాయి. డొంకలో పోయేవారికి కోడిపందెంలో ఓడి ఊరు విడిచిన బ్రహ్మనాయుడి పక్షంవాళ్ళు ఎంత నేల నడిచారో కాళ్ళకు తెలుస్తుంది. దుర్గి దాపున మించాలపాడులో, అడవిలో పశువులు మేపుకున్నందుకు వేసిన పుల్లరి పన్నును ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922లో కాల్పులకు బలయ్యాడు. పశువులు అడవికి పోయిన బాటలే ఆ పోరాటానికి నేల గనుక, వాటిని నెమ్మదిగా దాటడం వ్యర్థం కాదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ యాత్రకు అనువు. వేసవిలో, రాష్ట్రంలోనే మండిపోయే ఊరుగా పేరుపడ్డ రెంటచింతల పక్కనే ఉందని మరవకూడదు. కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారంపూడి వీరారాధనోత్సవాలకు చేరేలా బయలుదేరితే రెండూ కలిసివస్తాయి. ఒక్కొక్కరికి మూడు లీటర్ల నీరు తక్కువలో తక్కువ. నల్లమల లోపలికి పోయే బాటలు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యానివి; అటవీశాఖ అనుమతి లేకుండా వాటిలోకి సైకిలు తిప్పడం చట్టవిరుద్ధమే కాక ప్రమాదం కూడా.

ఇటలీలోని గయోలే పట్టణంలో 1997 నుంచి పాత సైకిళ్ళతో తెల్లమట్టి దారుల మీద ఒక యాత్ర జరుగుతోంది. తారు పరచకుండా ఆ బాటలను నిలుపుకోవడమే దాని అసలు ఉద్దేశం. ఇక్కడి డొంకలకు తారు కంటే పక్క పొలాల గట్లు ముప్పు: ఏటా నాగలి ఒక చాలు లోపలికి జరిగి, బండి పట్టే బాట మనిషి పట్టేదిగా మారుతోంది. గ్రామ నక్షాలో రాసిన వెడల్పుకు కొలిపించి రాళ్ళు పాతించడం తహసీల్దారు కార్యాలయం చేయగల పని, దానికి కోట్లు అక్కర్లేదు.