నేల మోసినంత ఎత్తు

ఫెయిర్‌ఫీల్డ్ చర్చి గుమ్మం దాకా రోడ్డు లేదు. కారు దారిపక్కన ఆపుకుని, దగ్గర్లో ఉన్న ఇంటి దగ్గర కొక్కేనికి వేలాడుతున్న తాళంచెవి తీసుకుని, గొర్రెలు మేస్తున్న పచ్చికలోంచి నడుచుకుంటూ పోవాలి. ఆ తాళంచెవి కూడా అలాంటిలాంటిది కాదు. మా అమ్మమ్మగారింట్లో ధాన్యపు కొట్టుకి ఉండేదే, చేతిలో పట్టుకుంటే బరువు తెలిసేది, సరిగ్గా అదే బాపతు.

"అక్కా, పొద్దున్నే నన్ను లేపి తీసుకొచ్చింది ఈ పశువుల పాక చూపించడానికా?" అన్నాడు మా తమ్ముడు. ఎనిమిదేళ్ళుగా ఆష్‌ఫర్డ్‌లో ఉంటున్నాడు. కూతవేటు దూరంలో ఉన్న ఈ చోటికి ఒక్కసారీ రాలేదు. వాణ్ణి తప్పుపట్టలేను. దూరంనుంచి చూస్తే అది పాకే. ఎర్రిటుకల పొట్టి గోడలు, వాటిమీద బోర్లించినట్టు పెద్ద పెంకుల కప్పు, ఒక కొసన చిన్న చెక్క కొప్పులాంటి గంటగూడు. ప్రహరీ లేదు, చుట్టూ ఊరు లేదు. గొర్రెపిల్లలు గోడకి ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. పైన ఆకాశం మాత్రం అవసరానికి మించి ఉంది.

ఇంగ్లండుకి ఆగ్నేయపు మూల, కెంట్ చివర, సముద్రం దగ్గర్నుంచి మనుషులు లాక్కున్న నేల ఈ రామ్నీ మార్ష్. సుమారు 100 చదరపు మైళ్ళు. గట్లు పోసి, కాలవలు తవ్వి, ఉప్పునీటిని కొంచెం కొంచెంగా బయటికి నెట్టి, వందల ఏళ్ళపాటు కూడబెట్టిన భూమి. అలా కలిసొచ్చిన కొన్ని చెక్కలకి కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుల పేర్లే ఉన్నాయి: బెకెట్, బాల్డ్విన్, బోనిఫేస్, పెకమ్. చలిజ్వరాలకి పేరుమోసిన చోటు. జనం పలచబడ్డారు, గొర్రెలు పెరిగాయి, చర్చిలు ఉండిపోయాయి. మధ్యయుగంలో కట్టినవి 14 ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. శిథిలాలు వేరే.

తాళం ఒక పట్టాన తిరగలేదు. తిరిగాక లోపలికి అడుగుపెట్టిన తమ్ముడు మాట్లాడ్డం మానేశాడు.

బయట పాక. లోపల ఓడ. తలమీద, చెయ్యెత్తితే అందుతాయేమో అనిపించేంత కిందుగా, ఓకు దూలాలు. ఒక్కొక్కటి ఒక చెట్టు. వాటిమీద నిలువు గుంజలు, గుంజల నుంచి నాలుగువైపులా వంకర మోపులు. చెట్టు ఎటు వంగితే అటే వంగనిచ్చారు, చిత్రికపట్టి తిన్నగా చెయ్యలేదు. 1200 ప్రాంతాల్లో మొదటగా కట్టినప్పుడు ఇది కర్రల చట్రం, మట్టిపూత గోడ. ఈ బురదలో రాయి నిలవదని కట్టినవాళ్ళకి తెలుసు. 18వ శతాబ్దంలో ఆ చట్రం చుట్టూ ఇటుక గోడ తొడిగారు. అదీ ఒరిగిపోతుంటే 1912-13లో కారో అనే ఆర్కిటెక్టు అంతా విప్పి, పాత దూలాలే మళ్ళీ ఎత్తి కట్టించాడు. అంటే ఇది రెండుసార్లు బట్టలు మార్చుకున్న ఒంటి ఎముకల గూడు. కింద తెల్లరంగు వేసిన పెట్టె బెంచీలు. మోకాళ్ళకి గాలి తగలకుండా ఒక్కో కుటుంబానికి ఒక్కో తలుపున్న గది. ఒక పక్కన మూడంతస్తుల ప్రసంగపీఠం: అడుగున గుమాస్తా, నడుమన వాక్యం చదివేవాడు, పైన ప్రసంగించేవాడు. ఇంతా చేసి లోపల పట్టే జనం మా ఊరి భజనకి వచ్చేవాళ్ళంత ఉంటారేమో.

కిటికీలకి రంగు అద్దాలు లేవు. నేనైతే ఇందుకు ఆ కట్టినవాళ్ళకి దణ్ణం పెడతాను. రంగు అద్దం వెలుగుని కథ చెప్పమంటుంది. ఈ మామూలు అద్దంలోంచి వచ్చిన వెలుగు తెల్లటి బెంచీ మీద పడి, అక్కణ్ణుంచి దూలం కడుపుకి కొట్టి, ఏ పనీ లేనట్టు అక్కడే ఉంటుంది. మబ్బు అడ్డొస్తే చర్చంతా ఒక్కసారి కళ్ళు మూసుకుంటుంది. మబ్బు కదిలితే తెరుస్తుంది. మేం కూర్చున్న ముప్పావుగంటలో ఇంతకుమించి ఏం జరగలేదు.

భరతుడు చెప్పినవి ఎనిమిది రసాలే. శాంతాన్ని తొమ్మిదోదిగా నిలబెట్టడానికి అభినవగుప్తుడు చాలా వాదించాల్సి వచ్చింది. అన్ని భావాలూ అణిగిపోవడమే శాంతమైతే రంగంమీద ఆడి చూపించడానికి ఏం మిగులుతుందన్నది అవతలి వాళ్ళ అభ్యంతరం. చదువుకునే రోజుల్లో నాకూ ఆ అభ్యంతరమే సబబుగా తోచింది. ఆ బెంచీలో కూర్చున్నాక అభినవగుప్తుడి పక్షానికి మారాను. ఇక్కడ శాంతం ఏమీ లేకపోవడం వల్ల రాలేదు. ఎనిమిది వందల ఏళ్ళుగా కుంగిపోవాలని చూస్తున్న నేలకీ, కుంగనని కూర్చున్న దూలానికీ మధ్య ఎడతెగకుండా సాగుతున్న బిగువు అది. ఆ బిగువు తెలియనివాడికి ఇది పాత చెక్కల గది.

ఈ చర్చి పుట్టుక గురించి ఇక్కడివాళ్ళు ఒక కథ చెప్పుకుంటారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఒకాయన ఈ దారిన పోతూ కాలవలో పడ్డాడట. మునిగిపోతూ సెయింట్ థామస్ బెకెట్‌ని తలుచుకున్నాడట. ఎవరో రైతు వచ్చి లాగి గట్టునపడేశాడట. ఆ మొక్కు తీర్చుకోవడానికి కట్టించిందే ఇది. కథకేం గాని, మొక్కు తగిన కొలతలోనే తీర్చుకున్నాడు. బురదలోంచి బయటపడ్డవాడు బురదమీద మేడ కట్టించడు.

అక్కణ్ణుంచి బ్రూక్‌లండ్ ఎంతో దూరం లేదు. ఇక్కడ గంటగోపురం చర్చిమీద ఉండదు. దిగి పక్కన నిలబడి ఉంటుంది. మూడు పెద్ద గరాటాలు బోర్లించి ఒకదానిమీద ఒకటి పేర్చి, నిండా చెక్కపెంకులు తొడిగితే ఎలా ఉంటుందో అలా. ఊళ్ళో చెప్పుకునేది ఏమిటంటే, ఒకసారి నిజంగా కన్యగా ఉన్న పెళ్ళికూతురు ఈ చర్చికి వచ్చిందట. ఆ ఆశ్చర్యానికి గోపురం కిందకి దూకేసిందట. మళ్ళీ అలాంటి అమ్మాయి వస్తే పైకెక్కుతుందట. ఇంగ్లీషు పల్లెల హాస్యం మన పల్లెలకంటే ఏమీ మర్యాదస్తురాలు కాదు. అసలు సంగతి మామూలే: గంటల బరువూ గోపురం బరువూ కలిపి ఆ గోడలమీద పెడితే గోడలు నేలలోకి దిగిపోతాయి. ఇప్పటికే లోపలి స్తంభాలు బయటికి ఒరిగి ఉన్నాయి. చూస్తే కళ్ళు తిరిగినట్టుంటుంది. నిటారుగా ఉన్న స్తంభాల వరసలో రాని ఆత్మీయత ఈ ఒరుగులో ఉంది. పెళ్ళిపందిట్లో పెద్దవాళ్ళు గుంజకి చేరబడ్డట్టు ఉన్నాయి.

కానీ బ్రూక్‌లండ్‌కి వెళ్ళాల్సింది గోపురం కోసం కాదు, సీసం తొట్టి కోసం. బాప్తిస్మపు తొట్టి. 12వ శతాబ్దపు పోత. ఇంగ్లండు మొత్తంమీద ఇలాంటి సీసం తొట్లు 30 దాకా మిగిలాయంటారు. దీని సాటిది నేను చూడలేదు. గుండ్రటి తొట్టి చుట్టూ రెండు వరసల చిన్నచిన్న తోరణాలు. పై వరసలో పన్నెండు రాశులు. కింది వరసలో పన్నెండు నెలలు, ఏ నెలకి ఆ నెల పని. రాశుల పేర్లు లాటిన్‌లో, నెలల పేర్లు అప్పటి నార్మన్ ఫ్రెంచిలో. మేషం, వృషభం, మిథునం, కర్కాటకం... వేలుపెట్టి ఒక్కొక్కటీ చదువుకుంటూ తొట్టి చుట్టూ తిరిగాను. పంచాంగం చేతిలో పట్టుకుని పెరిగినవాళ్ళెవరూ ఇక్కడ పరాయివాళ్ళు కారు. మన దగ్గర బిడ్డ పుట్టాక రాశి చూస్తారు. వీళ్ళు బిడ్డని తెచ్చి అన్ని రాశులకీ మధ్యనే నీళ్ళు పోశారు.

కింది వరస ఇంకా బాగుంటుంది. జనవరికి ఇటో మొహం అటో మొహం ఉన్న రోమన్ దేవుడు జేనస్ బల్లముందు కూర్చుని తాగుతుంటాడు. ఫిబ్రవరిలో ఒకడు మంట దగ్గర కాళ్ళు కాచుకుంటుంటాడు. మార్చికి ద్రాక్షతీగ కత్తిరింపు. మేకి డేగని చేతిమీద పెట్టుకుని గుర్రమెక్కిన దొరబాబు. ఆ తర్వాత గడ్డి కోత, కోసిన గడ్డి పోగుచెయ్యడం, పంట కోత, నూర్పిడి, ద్రాక్ష తొక్కడం. చివర డిసెంబరులో పందిమీద గొడ్డలి ఎత్తి ఒకడు. మన రైతు కార్తెలు లెక్కపెట్టుకున్నట్టే. రోహిణిలో ఏం చెయ్యాలి, మృగశిరలో ఏం చెయ్యాలి అన్నట్టే.

ఇందులో ఒక చిత్రముంది. తొట్టి చుట్టుకొలతకి 20 తోరణాలు పట్టాయి. నెలలు పన్నెండే. మిగిలిన ఎనిమిదిట్లో ఏం పెట్టాలి? పోతపోసినవాడు మార్చినుంచి అక్టోబరు దాకా నెలల్ని రెండోసారి పెట్టేశాడు. అచ్చులు చేతిలో ఉన్నాయి, ఖాళీ నింపాడు, అంతే కావచ్చు. నాకు మాత్రం వేరేగా కనిపించింది. చలికాలం ఒక్కసారి వచ్చిపోయింది. పొలంలో పనున్న నెలలు రెండుసార్లు వచ్చాయి. ఆ తొట్టిలో నీళ్ళు పోయించుకున్న పిల్లలందరికీ, ఈ చలిజ్వరాల నేలలో, ఒక్కో ఏడాదికి రెండేసి కోతలు రాసిపెట్టినట్టు. పోతపనివాడికి ఆ ఉద్దేశం లేకపోతే పోనీ. బొమ్మ మనకి ఇచ్చేదంతా చేసినవాడి ఉద్దేశంలోనే ఉండాలని ఎక్కడుంది?

ఇదే చర్చిలో ఒక గోడమీద బెకెట్ హత్య బొమ్మ చెరిగీ చెరగకుండా ఉంది. 1170 డిసెంబరు 29న కాంటర్‌బరీ గుడిలోనే రాజుగారి మనుషులు ఆయన్ని నరికారు. బొమ్మలో కత్తులకంటే వెలిసిన రంగే ఎక్కువ భయపెడుతుంది. పక్కనే నిలువుపెట్టె ఒకటి, సెంట్రీ నిలబడేలాంటిది. వానలో సమాధి దగ్గర ప్రార్థన చదివే పాదిరీగారి విగ్గు తడవకుండా ఆయన్ని అందులో నిలబెట్టేవారట. చుట్టాలంతా తడిసి ముద్దవుతుండగా.

ఓల్డ్ రామ్నీలో సెయింట్ క్లెమెంట్ చర్చి పెట్టె బెంచీలకి పీచుమిఠాయి రంగు. 1963లో డిస్నీవాళ్ళు డాక్టర్ సిన్ సినిమా తీస్తూ వేశారు. పగలు పాదిరీగా, రాత్రి దొంగసరుకు ముఠా నాయకుడిగా ఉండే మనిషి కథ. ఈ తీరాన ఉన్ని బయటికీ, బ్రాందీ, తేయాకు లోపలికీ దొంగతనంగా దాటించిన కాలం నిజంగానే ఉంది. సినిమావాళ్ళు వెళ్ళిపోయాక ఆ రంగు ఊరివాళ్ళకి నచ్చి ఉంచేసుకున్నారు. శిల్పశాస్త్రం తెలిసినవాళ్ళు కళ్ళు మూసుకోవాల్సిన పని. నాకు నచ్చింది. ఆవరణలో పాత యూ చెట్టు. సినిమా దర్శకుడు డెరెక్ జార్మన్ ఇక్కడే ఉన్నాడు, 1994 నుంచి. నల్లటి పలకమీద సంతకం తప్ప ఇంకేం లేదు.

న్యూ రామ్నీ చర్చి గొప్పది. నార్మన్ల కాలపు రాతిగోపురం, గట్టి పనితనం. ఆ ఊరు గులకరాళ్ళ మెట్టమీద ఉంది గనక నేల మోసింది. గొప్పగానే ఉంది, కానీ అప్పటికే నా కన్ను చిన్నవాటికి అలవాటుపడిపోయింది. నన్ను పట్టుకున్నది అక్కడి గుమ్మం. చర్చిలోకి ఎక్కం, దిగుతాం. 1287లో వచ్చిన తుఫానుకి రేవు పూడిపోయింది, రోదర్ నది దారి మార్చుకుని రై ఊరివైపు పోయింది, వీధులమీద ఇసకా మట్టీ మేటవేసి నేలే పైకి లేచింది. చర్చి మాత్రం పాత మట్టంలోనే ఉండిపోయింది. స్తంభాలకి కింద ఆ వరద మరక ఇప్పటికీ కనిపిస్తుంది.

తమ్ముడు వంగి ఆ మరకమీద చెయ్యి పెట్టాడు. మాది దివిసీమ. 1977 నవంబరు ఉప్పెనకి వాడింకా పుట్టలేదు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పెదనాన్న ఇంటి గోడమీద గీత చూపించి చెబుతుంటే విని పెరిగాడు. "ఇంత ఎత్తే, కదక్కా?" అన్నాడు. మన గీత దీనికంటే చాలా పైన ఉంటుంది. ఆ మాట నేను అనలేదు.

చివరికి సెయింట్ మేరీ ఇన్ ద మార్ష్. 'ది రైల్వే చిల్డ్రన్' రాసిన ఈడిత్ నెస్బిట్ 1924లో చనిపోయాక ఇక్కడ పడుకోబెట్టారు. రాయి లేదు. రెండు గుంజలమధ్య ఒక చెక్క, దానిమీద పేరు. చెక్కినది ఆవిడ భర్త, ఓడల్లో పనిచేసినవాడు. ఈ ప్రాంతంలో రాతిని నమ్మినవాళ్ళకంటే కర్రని నమ్మినవాళ్ళే తెలివైనవాళ్ళనిపిస్తుంది. కెమెరా కోసం సంచిలో చెయ్యి పెట్టాను. చల్లగా, బరువుగా ఏదో తగిలింది.

ఫెయిర్‌ఫీల్డ్ తాళంచెవి.

మళ్ళీ ఆ దారినే వెనక్కి. తమ్ముడు దారిపొడుగునా ఏమీ అనలేదు, అందుకు వాడికి ఎంతైనా ఇవ్వొచ్చు. చేరేసరికి పొద్దు వాలుతోంది. కాలవ దగ్గర ఒక ముసలి జంట మడతకుర్చీలు వేసుకుని ఫ్లాస్కులో టీ తాగుతున్నారు. మధ్యాహ్నం నుంచీ ఉన్నారట. నేను తాళంచెవి చూపించి, క్షమించమని నాకొచ్చిన అన్ని రకాలుగానూ అడిగాను. ఆవిడ నవ్వింది. బయటినుంచి చూడ్డానికి తాళం ఎందుకమ్మా అంది. ఆయన లేచి, చెవి తీసుకుని, గొర్రెల్ని తప్పించుకుంటూ నడిచాడు. తాళం ఆయనకి మొదటి తిప్పుకే వచ్చింది. తలుపు తెరుచుకోగానే లోపలి తెల్ల బెంచీ ఒకటి, పడమటి ఎండ పడి, దూరంనుంచి మాకు కనిపించింది.